వసపిట్ట

పండుగకు వచ్చిన బంధువుల నడుమ నాలుగేళ్ల పాప చేరుతుంది. బడి సంగతులు, పక్కింటి కుక్కపిల్ల సంగతులు, రాత్రి వచ్చిన కల సంగతులు ఊపిరి తిప్పుకోకుండా చెబుతుంది. అడిగిన ప్రశ్నకు ఒక జవాబు, అడగని ప్రశ్నలకు పది జవాబులు. కొంతసేపు విని ఏ పెద్దమ్మో నవ్వి, “ఎంత వసపిట్టవే నువ్వు!” అంటూ బుగ్గ గిల్లుతుంది. అది తిట్టు కాదని ఆ పాపకు తెలుసు. అందుకే మరింత ఉత్సాహంగా పదకొండో సంగతి మొదలుపెడుతుంది.

ఎక్కువగా మాట్లాడేవారిని గురించి చెప్పడానికి తెలుగులో మాటలకు కొదువ లేదు. వాగుడుకాయ, వదరుబోతు, లొడలొడ మాట్లాడేవాడు, మాటల పుట్ట, మాటకారి, మాటల మరాఠీ - ఇలా ఎన్నో ఉన్నాయి. వీటిలో కొన్నింటిలో విసుగు ఉంది, కొన్నింటిలో అనుమానం ఉంది. మాటకారి అన్నప్పుడు మెప్పుతో పాటు ‘ఇతని మాటలకు లొంగిపోకూడదు’ అనే జాగ్రత్త కూడా ధ్వనిస్తుంది. ఒక్క ‘వసపిట్ట’లో మాత్రం వినేవారి ఇష్టం నిండి ఉంటుంది. చెవులు నొప్పి పెడుతున్నా మనస్సు ఇంకా వినాలని కోరుకొనే స్థితిలో పుట్టే మాట ఇది. పై అధికారిని గాని, గురువును గాని ఈ మాటతో ఎవరూ పిలువరు. పిలిచేవారికి ఆ మనిషిపై చనువు, కొంత పెద్దరికం ఉండాలి.

ఇంతటి ముద్దు ఈ పదంలోకి ఎలా వచ్చింది? పదాన్ని విడదీస్తే వస, పిట్ట అనే రెండు మాటలు కనిపిస్తాయి. పిట్ట అందరికీ తెలిసినదే. తెలియవలసినది వస.

వస ఒక మొక్క. చెరువుల అంచులలో, కాలువల పక్కన, ఎప్పుడూ తడిగా ఉండే బురద నేలలో పెరుగుతుంది. ఆకులు కత్తుల వలె సన్నగా, నిలువుగా ఉంటాయి. వాటిని నలిపితే ఘాటైన సువాసన వస్తుంది. నేల లోపల అడ్డంగా పాకే దుంప కణుపులు కణుపులుగా ఉంటుంది. ఆ దుంపను ఎండబెట్టగా వచ్చినదే మూలికల దుకాణాలలో దొరికే వసకొమ్ము. పసుపుకొమ్ము, శొంఠికొమ్ము అన్నట్లే ఇదీ. వృక్షశాస్త్రజ్ఞులు ఈ మొక్కను ఎకోరస్ కాలమస్ అంటారు. వరి, గడ్డి, కొబ్బరి, అరటి మొదలైన ఏకదళబీజ మొక్కలన్నింటి వంశవృక్షంలో అన్నింటికంటె ముందుగా విడిపోయిన శాఖ దీనిదని వారు గుర్తించారు. ఆ విధంగా ఇది చాలా పాత కుటుంబానికి చెందిన మొక్క.

దీని సంస్కృత నామం వచా. లతా, మాలా వంటి పదాలు తెలుగులో లత, మాల అయినట్లే ఇదీ చివరి దీర్ఘాన్ని కోల్పోయి ‘వచ’ అవుతుంది. జనుల నోట చకారం సకారంగా మారి ‘వస’ అయినది. ఇరుగుపొరుగు భాషలలో కూడా ఈ మాట తలా ఒక వేషంలో కనబడుతుంది. తమిళంలో వసంబు, మలయాళంలో వయంబు, కన్నడంలో బజె, హిందీలో బచ్. కన్నడంలో వకారం బకారమవడం వింత కాదు. వనం అక్కడ ‘బన’ అయినది, వర్ణం ‘బణ్ణ’ అయినది. ఘాటైన వాసన గలది కనుక వస అయినదేమోనని ఎవరికైనా తోచవచ్చు. కాని వాసన అనే పదం దారి వేరు, వస దారి వేరు.

సంస్కృత నిఘంటువులలో ఈ మొక్కకు ఇంకా పేర్లున్నాయి. ఘాటు వాసనను బట్టి ఉగ్రగంధ, కణుపులను బట్టి షడ్గ్రంథ, శతపర్విక. ఇవి కంటికీ ముక్కుకూ తెలిసే గుణాలను బట్టి వచ్చిన పేర్లు. వచ అనే పేరు అటువంటిది కాదు. పలుకుట అనే అర్థం గల ‘వచ్’ ధాతువు నుంచి ఇది వచ్చినదని సంప్రదాయ వ్యాఖ్యాతలు చెప్పారు. వాక్కును ఇచ్చేది, పలికించేది కనుక వచ. వచనం, వక్త, ప్రవచనం, నిర్వచనం ఈ ధాతువు బిడ్డలే. విద్యార్థి చేతిలోని వాచకం కూడా ఈ ఇంటిదే. ఆ లెక్కన వాచకానికీ వసపిట్టకూ చుట్టరికం ఉన్నది. తరగతి గదిలో మాత్రం ఒకటి తెరవగానే రెండవదానిని నోరు మూసుకొమ్మంటారు.

మొక్కకు పలుకు పేరు పెట్టడానికి కారణం వైద్యంలో ఉన్నది. ఆయుర్వేదం వసను మేధ్యద్రవ్యాలలో, అంటే బుద్ధిని, జ్ఞాపకాన్ని పెంచుతాయని నమ్మే మూలికలలో చేర్చింది. తన పేరులోనే వాక్కును ధరించిన వాగ్భటుడు అష్టాంగహృదయం ఉత్తరస్థానం మొదట్లో నవజాత శిశువు సంరక్షణను వివరించాడు. అక్కడ బ్రాహ్మి, శంఖపుష్పి మొదలైన వాటితో పాటు వసను నూరి, తేనె, నెయ్యి కలిపి బంగారంతో శిశువుకు నాకించే విధి కనిపిస్తుంది. శాస్త్ర గ్రంథాలలోని ఈ విధి బంగారం లేని ఇళ్లలోకి తేలికైన రూపంలో ప్రవేశించింది. వసకొమ్మును దీపపు సెగకు కాల్చి, సానరాతిపై తల్లిపాలతోనో తేనెతోనో ఒకటి రెండు చుట్లు అరగదీసి, ఆ గంధాన్ని బిడ్డ నాలుకకు రాసేవారు. కడుపు ఉబ్బరం తగ్గుతుందని, మాటలు తొందరగా, స్పష్టంగా వస్తాయని నమ్మకం. తమిళులు వసంబును పిల్లల మందు అంటారు. దానికే ‘పేరు చెప్పని మందు’ అనే అర్థం వచ్చే పేరు కూడా వారి వాడుకలో ఉన్నది. పలుకునిచ్చే మూలిక పేరు పలుకరాదనుకోవడం చిత్రమే.

ఈ పనిని తెలుగువారు ‘వస పోయడం’ అన్నారు. ఉగ్గు పోయడం, లాల పోయడం, ప్రాణం పోయడం అన్నట్లే ఇదీ. పసిబిడ్డకు పెద్దలు చేసే పనులలో ఎన్నింటికి ‘పోయు’ అనే క్రియ అతుకుతుందో గమనించదగ్గది. బిడ్డ పాత్ర అయినట్లు, పెద్దలు అందులో ఏదో నింపుతున్నట్లు ఒక భావన ఈ వాడుకలో ఉన్నది. నింపినది పొంగి పొర్లితే? “చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా ఏమిటి?” అనే ఎత్తిపొడుపు అక్కడే పుట్టింది. వస తిన్న పిట్ట వసపిట్ట అని జనం చెప్పుకొనే వివరణ కూడా ఈ నమ్మకం మీదనే నిలిచి ఉన్నది. అసలే తెల్లవారకముందే కిచకిచలాడే పిట్ట, దానికి తోడు వస కూడా తిన్నదట!

పిట్ట అనే మాటకూ కొంత గౌరవం దక్కవలసి ఉన్నది. చిన్న పక్షి అనే అర్థం గల ఈ తెలుగు పదాన్ని ఫ్రెంచి పక్షి శాస్త్రజ్ఞుడు వియేయో 1816లో ఒక పక్షి ప్రజాతికి శాస్త్రీయ నామంగా స్వీకరించాడు. తెలుగునాట పొన్నంకి పిట్ట అని పిలిచే రంగురంగుల పక్షి ఆ వర్గంలోనిదే. తెలుగులో పిట్ట చేరితే వస్తువు చిన్నదవుతుంది, దగ్గరదవుతుంది. ఎత్తు తక్కువైన గోడ పిట్టగోడ, చిన్న కథ పిట్టకథ. వసపిట్ట అన్నప్పుడు వినేవారి మనస్సులో ఏ ఒక్క పక్షి రూపమూ మెదలదు. గలగలలాడే చిన్న మనిషే మెదులుతుంది.

ఇంతవరకూ మాట కథ. వస నిజంగా మాటలు తెప్పిస్తుందా అనే ప్రశ్న వేరు. దానికి జవాబు తేలికగా తీసుకోదగినది కాదు.

బిడ్డ పలుకు చెవితో మొదలవుతుంది. గర్భంలో చివరి నెలలలోనే శిశువు తల్లి గొంతు వింటుంది. పుట్టిన తరువాత ఆ గొంతును గుర్తుపడుతుంది. ఆరు నెలల ప్రాంతంలో బ-బ, మ-మ వంటి ముద్దపలుకులు, ఏడాది ప్రాంతంలో అర్థం గల మొదటి మాట, రెండేళ్ల నాటికి రెండేసి మాటలు కలిపి చెప్పడం సాధారణంగా కనిపించే క్రమం. ఈ క్రమాన్ని నడిపేది నాలుకపై పడే గంధం కాదు, చెవిలో పడే మాట. వస పోసే పాత ఇంటిని ఒకసారి ఊహించుకొంటే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. అమ్మమ్మ కాళ్లు చాచి కూర్చొని, బిడ్డను కాళ్లపై పడుకోబెట్టుకొని నూనె రాస్తుంది, లాల పోస్తుంది, సాంబ్రాణి పొగ వేస్తుంది, చివరకు వస నాకిస్తుంది. ఆ గంటసేపూ ఆమె నోరు ఊరుకోదు. “ఏడవకురా నాన్నా, ఇదిగో అయిపోయింది, చేయి ఇటు ఇయ్యి, మా రాజు కదూ” అంటూనే ఉంటుంది. బిడ్డ ఊ కొడితే దానికి సమాధానం చెబుతుంది. మాటలు వచ్చిన ఘనత వసకొమ్ముకు దక్కింది గాని, ఆ ఇంట్లో బిడ్డకు రోజూ పోసినది మాటలనే అనుకోవడానికి ఎక్కువ ఆధారం ఉన్నది.

వసలో బీటా-అసరోన్ అనే రసాయనం ఉంటుంది. మొక్కలోని క్రోమోసోముల సంఖ్యను బట్టి దీని పాలు మారుతుంది. ఉత్తర అమెరికా రకంలో ఇది దాదాపు ఉండదు, భారతదేశంలో పెరిగే కొన్ని రకాలలో చాలా ఎక్కువ. జమ్ము ప్రాంతపు వస నూనెను ఎలుకలకు పెట్టి చేసిన పరీక్షలలో కణితులు కనిపించడంతో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1968లో ఆహార పదార్థాలలో వసను నిషేధించింది. వస మోతాదు మించితే వాంతులు అవుతాయని ఆయుర్వేదానికీ తెలుసు. దీనిని శుద్ధి చేసి వాడమనడం అందుకే. ఇక నాకించడానికి కలిపే తేనె ఏడాది లోపు పిల్లలకు అసలే తగదని శిశువైద్యులు హెచ్చరిస్తారు. దానిలో ఉండే అవకాశమున్న ఒక సూక్ష్మజీవి లేత పేగులలో విషాన్ని పుట్టించగలదు. మొదటి ఆరు నెలలూ తల్లిపాలు తప్ప మరేదీ అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. కాబట్టి వైద్యుని అడగకుండా పసివారికి వస నాకించడం ఈనాడు సమర్థించదగిన ఆచారం కాదు.

దీనికంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. మాటలు ఆలస్యమైన బిడ్డను చూసి, “వీడికి వస పోయలేదా?” అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. అడగడంలో ప్రేమే ఉంటుంది. కాని వస పోసి మరో ఆరు నెలలు వేచి చూద్దామనుకొంటే, ఆ బిడ్డకు వినికిడి లోపం ఉన్నట్లయితే, ఆ ఆరు నెలలు మళ్లీ రావు. వినబడని పిల్లలు కూడా మొదటి నెలలలో ఊ, ఆ అంటూ ధ్వనులు చేస్తారు. తల్లిదండ్రులు మోసపోయేది అక్కడే. పళ్లెం మోగిస్తే బిడ్డ తల తిప్పినంత మాత్రాన మాటలు కూడా వినబడుతున్నట్లు కాదు. పుట్టిన కొద్ది రోజులలోనే వినికిడిని పరీక్షించే సాధనాలు ఇప్పుడు ఉన్నాయి. 2013లో భారత ప్రభుత్వం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పిల్లలలో గుర్తించవలసినవిగా చేర్చిన ముప్పై సమస్యలలో పుట్టుకతో వచ్చే చెవుడు, మాటల ఆలస్యం ఉన్నాయి. లోపం ఎంత ముందు తెలిస్తే బిడ్డకు పలుకు అందే అవకాశం అంత ఎక్కువ.

వస సంగతి అట్లా ఉంచి మళ్లీ పిట్ట దగ్గరకు వస్తే, ఎక్కువ మాటలను ఎప్పుడు మెచ్చాలి, ఎప్పుడు నిందించాలి అనే చర్చ చాలా ప్రాచీనమైనది. పాణిని అష్టాధ్యాయి ఐదవ అధ్యాయంలో వాక్ శబ్దం నుంచి ‘వాగ్మి’ని సాధించే సూత్రం ఒకటి ఉన్నది. దాని పక్కనే ‘వాచాల’, ‘వాచాట’ పదాలను సాధించే మరొక సూత్రం ఉన్నది. ఎక్కువ మాట్లాడేవాడు అనే అర్థంలో రెండవది వర్తిస్తుందని సూత్రకారుడు చెప్పి ఊరుకొన్నాడు. కాశికావృత్తి రాసినవారికి అది చాలలేదు. నింద తోచినప్పుడే వాచాలుడు అనాలని, ఎక్కువ మాట్లాడినా చక్కగా మాట్లాడేవానిని వాగ్మి అనే అనాలని వారు సరిహద్దు గీశారు. వ్యాకరణంలో ఇటువంటి లోకజ్ఞత అరుదుగా తారసపడుతుంది. అయితే ఆ సరిహద్దుకు ఇరువైపులా ఉన్నది పెద్దల లోకం. చక్కగానూ కాక, నిందించదగినట్లూ కాక, ఊరికే సంతోషంగా మాట్లాడేవారికి అక్కడ పేరు లేదు. వసపిట్ట ఆ ఖాళీలో వాలింది.

తెలంగాణలో సంభాషణను ముచ్చట అంటారు. నలుగురు కూర్చొని ముచ్చట పెట్టుకొంటారు. కోస్తా ప్రాంతంలో ఆ మాటకే ఇష్టం, వేడుక, చూడచక్కదనం అనే అర్థాలు బలంగా ఉన్నాయి. పాప గౌను ముచ్చటగా ఉంటుంది, తల్లికి బిడ్డ పెళ్లి ముచ్చట తీరుతుంది. ఒకే పదంలో మాటా సంతోషమూ ఇట్లా కలిసి ఉండటం వల్ల మాట్లాడుకోవడమే ఒక వేడుక అని ఈ భాష ఎప్పుడో ఒప్పుకొన్నట్లయింది.

అధికంగా మాట్లాడటాన్ని కళగా మార్చుకొన్నవారూ తెలుగునాట ఉన్నారు. తెలంగాణ పల్లెలలో పిట్టలదొర ఖాకీ దుస్తులు, టోపీ, భుజాన కట్టె తుపాకీతో వచ్చి, లేని జమీందారీలను, జరగని వేటలను గుక్క తిప్పుకోకుండా వర్ణించి ఊరంతా నవ్వేటట్లు చేస్తాడు. అతని పేరులోనూ పిట్ట ఉండటం మంచి పొరపాటు. అది వేట పిట్ట, ఇది పలుకు పిట్ట. పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వ్యాసాలలోని జంఘాలశాస్త్రి లేచి ఉపన్యాసం అందుకొంటే ఆపగలవారు లేరు. పాఠకులూ ఆపమని కోరలేదు. అనంతపురం నుంచి వెలువడిన ఒక వ్యాసావళి తన పేరునే ‘వదరుబోతు’ అని పెట్టుకొన్నది. ఇంగ్లాండులో 1709లో స్టీల్ ప్రారంభించిన ‘టాట్లర్’ పత్రిక పేరుకు కూడా ఇంచుమించు అదే అర్థం. తనను తాను వదరుబోతునని ముందే చెప్పుకొన్నవాడు సంఘాన్ని నాలుగు మాటలని తప్పించుకోవచ్చు.

పిట్టలదొర, జంఘాలశాస్త్రి - ఈ మాటల దొరలందరూ పురుషులు కావడం గమనించవలసిన విషయం. వసపిట్ట అనే పేరు మగపిల్లలకూ చెల్లుతుంది గాని, ఎక్కువగా వినబడేది ఆడపిల్లల విషయంలోనే. నాలుగేళ్లప్పుడు బుగ్గ గిల్లి వసపిట్ట అన్న ఇంట్లోనే, ఆ పిల్లకు పద్నాలుగేళ్లు రాగానే “ఆడపిల్లకు అంత నోరేమిటి?” అనే మాట వినబడుతుంది. పిల్ల మారలేదు, మాటలు మారలేదు, పేరు మారింది. ఆమెతో సమానంగా మాట్లాడే అన్న మాత్రం ఆ వయస్సులో మాటకారి అవుతాడు. వక్తృత్వపు పోటీకి అతనిని పంపుతారు. కాశికాకారులు గీసిన సరిహద్దు మాట మంచిచెడ్డలను బట్టి గీసినది. ఇళ్లలో గీసే గీత మాట్లాడేది ఎవరు అనేదానిని బట్టి ఉంటున్నది.

వసకొమ్మును ఎన్నడూ చూడని తరం కూడా ఈ పదాన్ని తడుముకోకుండా వాడుతున్నది. దానికి మూలికతో పని లేదు, వినాలనిపించే మనిషి ఎదురుగా ఉంటే చాలు. ఎదురుగా లేకపోయినా ఒక్కొక్కప్పుడు చాలు. చదువు కోసం కూతురు హాస్టలుకు వెళ్లిన మొదటి వారంలో, సాయంత్రం వసారాలో కూర్చొన్న తల్లి పొరుగింటామెతో, “మా వసపిట్ట లేక ఇల్లు చిన్నబోయింది వదినా” అంటుంది. నోరు తగ్గించుకొమ్మని ఆ పిల్లను అంతకుముందు వారమే ఆమె కసిరి ఉండవచ్చు.